మెనింజైటిస్ పాపకి జ్వరం తగ్గింది, అయినా ఇంజెక్షన్ డోసు తగ్గించరేం?

ఉప్పల్ మేనమామ
సోమవారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. మా అక్క కూతురికి పద్నాలుగు నెలలు, బరువు తొమ్మిది కిలోలు. పోయిన వారం జ్వరం, వాంతులు, ఆ తర్వాత ఫిట్స్. వెన్ను నీరు తీసి చూసి బ్యాక్టీరియా మెనింజైటిస్, అంటే మెదడు పొరలకి ఇన్ఫెక్షన్ అన్నారు. పిల్లల ఐసీయూలో ఉంచి రెండు యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు, సెఫ్ట్రియాక్సోన్ రోజుకు 900 మి.గ్రా. రెండు విడతలుగా, వాంకోమైసిన్ ఆరు గంటలకోసారి 135 మి.గ్రా. మొదలుపెట్టారు. దేవుడి దయ, ఇప్పుడు వార్డుకి మార్చారు. జ్వరం లేదు, పాలు తాగుతోంది, చేతికి కట్టిన అట్టముక్కతో ఆడుకుంటోంది.

మా బావ అడిగేది ఒక్కటే. ఇంత బాగున్నప్పుడు డోసు కాస్త తగ్గించవచ్చు కదా, లేదా సిరప్‌కి మార్చి ఇంటికి పంపవచ్చు కదా అని. డాక్టర్ గారు "ఒక్క మిల్లీగ్రాము కూడా తగ్గించం" అన్నారు. రౌండ్స్‌లో హడావిడిగా ఉన్నారు, ఎందుకో విడమరిచి చెప్పే తీరిక లేదు. పైగా మందుల షాపు ఉన్న మా పెదనాన్న కొడుకు మరో టెన్షన్ పెట్టాడు: "టైఫాయిడ్ వస్తే అరవై ఐదు కిలోల మనిషికి రోజుకు 2 గ్రాములు ఇస్తారు. తొమ్మిది కిలోల పిల్లకి దాదాపు గ్రామా?" అని. వైద్యం మార్చుకోవాలని కాదు నా ఉద్దేశం. అర్థం చేసుకోవాలని.

రెడ్‌హిల్స్ పీజీ
సోమవారం, రాత్రి 11:30

నేను పిల్లల వైద్యంలో పీజీ చేస్తున్నాను. మీ పాపను చూడలేదు కాబట్టి ఆమె వైద్యం గురించి ఏమీ చెప్పను. లెక్క వెనక ఉన్న సంగతి మాత్రం చెబుతాను.

టైఫాయిడ్‌లో బ్యాక్టీరియా రక్తం అందే చోటే ఉంటుంది. మెనింజైటిస్‌లో అది మెదడు చుట్టూ ఉండే నీటిలో, అంటే సీఎస్ఎఫ్‌లో ఉంటుంది (వెన్ను నుంచి తీసి చూసింది ఆ నీరే). మనం ఇంజెక్షన్ ఇచ్చేది రక్తంలోకి. మధ్యలో ఒక అడ్డు ఉంది. మెదడు రక్తనాళాల లోపలి కణాలు ఒకదానికొకటి సందు లేకుండా అతుక్కుని ఉంటాయి. మిగతా ఒళ్లంతా ఆ సందుల్లోంచే మందులు బయటికి జారతాయి. మెదడు దగ్గర ఆ వెసులుబాటు లేదు.

దీనికి తోడు సెఫ్ట్రియాక్సోన్‌లో తొంభై శాతం దాకా రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌ని పట్టుకుని ఉంటుంది. అలా అంటుకున్నది ఎక్కడికీ దాటదు. విడిగా ఉన్న కొంచెమే దాటాలి. మెదడు పొరలు వాచి ఉన్నప్పుడు కూడా రక్తంలో ఉన్నదానిలో సుమారు పదో వంతు సీఎస్ఎఫ్‌లోకి చేరితే గొప్ప. అందుకే కిలోకి రోజుకు 100 మి.గ్రా. అవసరమవుతుంది. మీ అన్నయ్య పెద్దవాళ్లతో పోల్చారు కదా, అదే పెద్దవాళ్లకి మెనింజైటిస్ వస్తే ఇచ్చేది రోజుకు 2 కాదు, 4 గ్రాములు.

సిరప్ మాట. నోటి ద్వారా ఇచ్చే సెఫాలోస్పోరిన్లతో (సెఫ్ట్రియాక్సోన్ జాతి మందులతో) రక్తంలోనే అంత మట్టం రాదు. ఇక రక్తంలో ఉన్నదానిలో పదో వంతు అంటే ఏం మిగులుతుంది?

కూకట్‌పల్లి బాబాయ్
మంగళవారం, ఉదయం 6:15

డాక్టర్ గారూ, నాకు అర్థమైనంతలో అడుగుతా. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ మామూలు రోజుల్లో కొరియర్ కుర్రాణ్ని కూడా గేటు దగ్గరే ఆపుతాడు. ఆమధ్య మూడో అంతస్తులో షార్ట్ సర్క్యూట్ అయినప్పుడు గేటు బార్లా తెరిచి పెట్టాడు, ఎవరు పడితే వాళ్లు లోపలికొచ్చారు. వాపు ఉన్నప్పుడు మందు లోపలికి పోవడం అలాంటిదేనా? అలాగైతే పాప కోలుకుంటున్న కొద్దీ...

రెడ్‌హిల్స్ పీజీ
మంగళవారం, ఉదయం 7:02

బాబాయ్, మీరు ఆపిన చోటే మేనమామ గారి ప్రశ్నకి జవాబు ఉంది.

వాపు వల్ల ఆ కణాల మధ్య అతుకులు వదులవుతాయి. పెన్సిలిన్, సెఫ్ట్రియాక్సోన్, వాంకోమైసిన్ లాంటి నీటిలో కరిగే మందులు ఆ వదులు వల్లే లోపలికి పోగలుగుతాయి. వైద్యం పనిచేసి వాపు తగ్గితే అతుకులు మళ్లీ బిగుస్తాయి. అంటే పాప బాగుపడుతున్న కొద్దీ అదే డోసులో లోపలికి చేరే భాగం తగ్గిపోతూ ఉంటుంది. ఇంకా కొన్ని బ్యాక్టీరియా దాక్కుని ఉండగా మనం కూడా డోసు తగ్గిస్తే రెండు తగ్గింపులూ కలుస్తాయి. న్యుమోనియాలోనో మూత్రంలో ఇన్ఫెక్షన్‌లోనో బిడ్డ తేరుకున్నాక నోటి మందుకి మారుస్తాం, ఇక్కడ మాత్రం చివరి రోజు దాకా మొదటి రోజు డోసే, రక్తనాళం ద్వారానే. మీ డాక్టర్ గారు ఒక్క మిల్లీగ్రాము కూడా తగ్గించం అన్నది ఇందుకే.

బాలానగర్ క్యూసీ
మంగళవారం, ఉదయం 9:20

మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ నాది. బాబాయ్ గారి వాచ్‌మన్ కథలో సగమే వచ్చింది. ఆయన గేటు దగ్గర ఆపడమే కాదు, లోపలికి దూరినవాణ్ని మెడపట్టి బయటికి పంపే పనీ చేస్తాడు.

సీఎస్ఎఫ్ తయారయ్యే కోరాయిడ్ ప్లెక్సస్‌లో పంపుల్లాంటి ప్రొటీన్లు ఉంటాయి. పెన్సిలిన్ లాంటి ఆమ్ల గుణం ఉన్న మందుల్ని సీఎస్ఎఫ్ నుంచి రక్తంలోకి తిరిగి తోసేస్తాయి. కిడ్నీలోనూ ఈ జాతి పంపులే ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పెన్సిలిన్ ఎంత కరువుగా ఉండేదంటే, రోగుల మూత్రం పట్టి అందులోంచి దాన్ని తిరిగి తీసుకునేవారు. కిడ్నీ దాన్ని అంత త్వరగా బయటికి నెట్టేసేది. ఆ పంపులకి అడ్డుపడే మందు కోసం వెతికితే ప్రొబెనెసిడ్ దొరికింది. మెదడు దగ్గరి పంపుల్ని కూడా అది ఆపగలదు. వాపు ఉన్నప్పుడు ఈ పంపులు కూడా మందగిస్తాయి, వాపు తగ్గగానే మళ్లీ పని అందుకుంటాయి. అంటే రాక తగ్గుతుంది, పోక పెరుగుతుంది.

అసలు ఈ అడ్డు ఉందని తెలిసింది రంగుల వల్ల. 1885లో జర్మనీలో పాల్ ఎర్లిక్ జంతువుల రక్తంలోకి రంగు ఎక్కిస్తే ఒళ్లంతా రంగు పట్టింది, మెదడుకి పట్టలేదు. మెదడుకి ఆ రంగు గిట్టదేమో అనుకున్నాడాయన. 1913లో ఆయన శిష్యుడు గోల్డ్‌మన్ రంగుని నేరుగా సీఎస్ఎఫ్‌లోకి ఎక్కించాడు. మెదడు రంగు తేలింది, ఒంటికి అంటలేదు. అడ్డు మధ్యలో ఉందని అప్పుడు తేలింది.

సూటిగా
మంగళవారం, ఉదయం 11:48

చరిత్ర బాగుంది. నేను చూసింది చెబుతా. మా కొలీగ్ కొడుక్కి ఇదే జబ్బు. బాబు నాలుగో రోజుకే పరిగెడుతున్నాడు, అయినా రెండు వారాలు బెడ్ మీద పెట్టారు. బిల్లు చూసి వాళ్లు బంగారం కుదువ పెట్టారు. రోజులు పెంచితే ఎవరికి లాభమో అందరికీ తెలుసు.

రెడ్‌హిల్స్ పీజీ
మంగళవారం, మధ్యాహ్నం 2:10

బిల్లు బాధ నిజం, నేను వాదించను. కానీ రోజుల లెక్క బిల్లింగ్ కౌంటర్‌లో పుట్టలేదండీ. ఏ బ్యాక్టీరియా అన్నదాన్ని బట్టి ఉంటుంది. మెనింజోకాకస్‌కి 5 నుంచి 7 రోజులు చాలు. హిబ్ (హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా బి) అయితే 7 నుంచి 10. న్యుమోకాకస్‌కి 10 నుంచి 14. పురిటి బిడ్డల్లో ఈ.కోలై, క్లెబ్సియెల్లా లాంటివి వస్తే కనీసం 21.

తగ్గించే ప్రయత్నాలూ జరిగాయి. 2011లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో బంగ్లాదేశ్, పాకిస్థాన్, వియత్నాం, ఈజిప్ట్, మలావీ దేశాల్లో వెయ్యి మందికి పైగా పిల్లల్ని చూశారు. సెఫ్ట్రియాక్సోన్‌తో ఐదో రోజుకి నిలకడగా ఉన్నవాళ్లలో సగం మందికి అక్కడితో ఆపారు, సగం మందికి పది రోజులు ఇచ్చారు. ఫలితంలో తేడా రాలేదు. పురిటి బిడ్డలు అందులో లేరు. మరి మన దగ్గర అందరికీ ఐదు రోజులే ఎందుకు ఇవ్వరంటే, ఒక పిల్లకి ఐదు చాలతాయా లేదా అన్నది కల్చర్ (ఏ బ్యాక్టీరియానో పెంచి చూసే పరీక్ష), పిల్ల పరిస్థితి చూశాకే చెప్పగలం, న్యుమోకాకస్ విషయంలో ధైర్యం చేయడానికి చాలామంది ఇష్టపడరు. నేనైనా చేయను. గమనించండి, ఆ అధ్యయనంలో తగ్గించింది రోజుల్ని, డోసుని కాదు.

సూటిగా
మంగళవారం, మధ్యాహ్నం 2:25

సరే. రోజులు వేరు, డోసు వేరు. ఆ మాట ఆసుపత్రిలో ఎవరైనా మా కొలీగ్‌కి చెప్పి ఉంటే బాగుండేది.

ఉప్పల్ మేనమామ
మంగళవారం, రాత్రి 9:05

డాక్టర్ గారూ, చాలా థ్యాంక్స్. బావకి చదివి వినిపించాను. ఇంకో సందేహం. చిన్నపిల్లలకి కిలోకి ఇంత అని పెద్దవాళ్లకన్నా ఎక్కువ లెక్క ఎందుకు? 4 గ్రాముల్ని అరవై ఐదు కిలోలకి పంచితే కిలోకి 60 మి.గ్రా. చొప్పున వస్తోంది. మా పాపకి 100. పసి కిడ్నీ, పసి లివర్ కదా, తక్కువ ఇవ్వాలి అనిపిస్తుంది.

వార్డు ఫార్మసిస్ట్
మంగళవారం, రాత్రి 10:20

దీనికి నేను చెప్తాను, నా రోజువారీ పని ఇదే.

"పసి" అని ఒకే మాటతో అందర్నీ కలిపేస్తే లెక్క తప్పుతుంది. పుట్టిన వారం బిడ్డ వేరు, పద్నాలుగు నెలల పాప వేరు. నెలలు నిండి పుట్టిన బిడ్డ కిడ్నీ వడపోత పెద్దవాళ్లతో పోలిస్తే నాలుగో వంతో, మూడో వంతో. రెండు వారాల్లో అది రెట్టింపు అవుతుంది. ఏడాది, రెండేళ్లలోపు పెద్దవాళ్ల స్థాయికి వచ్చేస్తుంది. ఆ తర్వాత విచిత్రం ఏమిటంటే, ఒళ్లు చిన్నది, కిడ్నీ లివర్ మాత్రం ఒంటి బరువుతో పోల్చినప్పుడు పెద్దవాళ్లకన్నా పెద్దవి. అందుకని ఏడాది దాటిన పిల్లలు కిలో లెక్కన చూస్తే చాలా మందుల్ని మనకన్నా వేగంగా వదిలించేసుకుంటారు.

రెండోది నీరు. పుట్టిన బిడ్డ బరువులో నాలుగింట మూడొంతులు నీరే. కణాల బయట ఉండే నీరే బరువులో నలభై శాతం పైన ఉంటుంది, పెద్దవాళ్లలో అది ఇరవై శాతం దగ్గర. నీటిలో కరిగే మందు ఆ నీటిలోకంతా పరుచుకుంటుంది. కాబట్టి అదే మట్టం రావాలంటే కిలోకి ఎక్కువ పోయాలి. పురిటి బిడ్డకి జెంటామైసిన్ ఇచ్చేటప్పుడు ఈ రెండూ కలిసి వస్తాయి: ఒక్కో డోసు కిలోకి ఎక్కువ, కానీ కిడ్నీ నెమ్మది కాబట్టి డోసుకీ డోసుకీ మధ్య ఎడం కూడా ఎక్కువ. నెలలు తక్కువ పుట్టిన బిడ్డలకి 36 గంటలు, 48 గంటలు కూడా ఆగుతాం. కొత్తగా చేరిన నర్సులు "సార్, ఈ పూట డోసు రాయడం మర్చిపోయారా" అని అడుగుతారు.

సెఫ్ట్రియాక్సోన్ విషయంలో పురిటి బిడ్డలకి ఇంకో చిక్కు. అది ఆల్బుమిన్‌ని గట్టిగా పట్టుకుంటుంది అన్నారు కదా. అక్కడ అప్పటికే కూర్చుని ఉన్న బిలిరుబిన్‌ని లేపేస్తుంది. పసిరికలు ఉన్న బిడ్డలో ఆ బిలిరుబిన్ మెదడుకి పోతే ప్రమాదం. కాల్షియం ఉన్న డ్రిప్‌తో కలిస్తే గడ్డలు కట్టి పురిటి బిడ్డల ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలు ఉన్నాయి. అందుకే నెల లోపు పిల్లలకి సాధారణంగా సెఫోటాక్సిమ్ వైపు వెళ్తారు.

మీ పాప వయసులో ఈ భయాలు లేవు. ఈ మందులో కొంత భాగం పైత్యరసంలోకి పోతుంది కాబట్టి ఎక్కువ రోజులు వాడితే పిత్తాశయంలో బురదలా చేరి స్కాన్‌లో రాళ్లలా కనబడొచ్చు. మందు ఆపాక చాలావరకు దానంతట అదే పోతుంది. పొట్ట నొప్పితో ఏడిస్తే మాత్రం డాక్టరుకి చెప్పండి.

రిటైర్డ్ కాంపౌండర్
బుధవారం, ఉదయం 5:50

మా రోజుల్లో ఈ సెఫ్ట్రియాక్సోన్ లేదు బాబూ. పిల్లలకి యాంపిసిలిన్, క్లోరాంఫెనికాల్ కలిపి పొడిచేవాళ్లం. క్లోరాంఫెనికాల్ కొవ్వులో కరిగే రకం, దానికి వాపుతో పని లేదు, మెదడులోకి సులువుగా పోతుంది. కానీ పురిటి పిల్లల లివర్ దాన్ని అరాయించుకోలేదు. ఒళ్లు బూడిద రంగుకి తిరిగి, పొట్ట ఉబ్బి, చల్లబడిపోయేవారు. గ్రే బేబీ అని 1959 ప్రాంతంలో బయటపడింది. లివర్‌లో దాన్ని గ్లూకురోనిక్ ఆమ్లంతో ముడివేసి బయటికి పంపే ఎంజైమ్ అప్పటికింకా తయారై ఉండదు.

మనవాడి గురించి ఒక్క మాట. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లే కంపెనీలో పరిశోధన నడిపిస్తుండగానే 1948లో ఆరియోమైసిన్ బయటికొచ్చింది. మొట్టమొదటి టెట్రాసైక్లిన్ అది. ఈ తరం పిల్లలకి ఆయన పేరు చెబితే ఏ సినిమా వాళ్లాయన అంటున్నారు.

మల్కాజ్‌గిరి అమ్మ
బుధవారం, ఉదయం 10:35

ఇన్నాళ్లకి నా సందేహాలకి కూడా జవాబులు దొరుకుతున్నాయి. మా బాబుకి పురిట్లోనే క్లెబ్సియెల్లా మెనింజైటిస్. మెరోపెనెమ్ ఇచ్చారు, కిలోకి 40 మి.గ్రా. ఎనిమిది గంటలకోసారి, ఒక్కో డోసూ పంపు మీద గంటల తరబడి నెమ్మదిగా ఎక్కించేవారు. మధ్యలో మళ్లీ వెన్ను నీరు తీశారు. అప్పుడు నేను ఏడుస్తూ అడిగాను, ఇంత తిప్పలెందుకు, మందు నేరుగా మెదడు నీటిలోకే ఎక్కించవచ్చు కదా అని. "అలా చేయరమ్మా" అన్నారంతే. ఎందుకు చేయరు?

రెడ్‌హిల్స్ పీజీ
బుధవారం, మధ్యాహ్నం 3:40

అమ్మా, ఆ ఆలోచన మీకే కాదు, డాక్టర్లకీ వచ్చింది. 1970లలో పురిటి బిడ్డల గ్రామ్ నెగెటివ్ (ఈ.కోలై, క్లెబ్సియెల్లా లాంటి బ్యాక్టీరియా) మెనింజైటిస్‌లో జెంటామైసిన్‌ని నేరుగా మెదడు గదుల్లోకి ఎక్కించి చూశారు. సీఎస్ఎఫ్‌లో మందు మట్టం బ్రహ్మాండంగా వచ్చింది. బిడ్డలు మాత్రం ఎక్కువమంది పోయారు. 1980లో ఆ ఫలితాలు వచ్చాయి. నేరుగా ఎక్కించిన గుంపులో మరణాలు సుమారు 43 శాతం, రక్తనాళం ద్వారా మాత్రమే ఇచ్చిన గుంపులో 13 శాతం. బ్యాక్టీరియా ఒక్కసారిగా చచ్చి విషం వదలడం వల్ల వాపు పెరిగిందని ఒక వివరణ. పదేపదే సూది గుచ్చడం కూడా మంచిది కాదు. మందు చేరితే చాలు, జబ్బు తగ్గినట్టే అనుకోవడానికి లేదని దీనివల్ల తెలిసింది. ఇప్పుడు షంట్ (మెదడు నీరు బయటికి పోవడానికి అమర్చే గొట్టం) ఇన్ఫెక్షన్లలో, ఏ మందుకీ లొంగని వాటిలో మాత్రమే అలా ఎక్కిస్తారు.

ఇక గంటల తరబడి ఎక్కించడం. మెరోపెనెమ్, సెఫ్ట్రియాక్సోన్ ఒకే కుటుంబం. వీటికి మట్టం ఎంత ఎత్తుకి వెళ్లిందన్నది ముఖ్యం కాదు. బ్యాక్టీరియాని ఆపే కనీస మట్టం పైన ఎంతసేపు నిలిచిందన్నది ముఖ్యం. మెరోపెనెమ్ ఒంట్లో గంటా గంటన్నరలోనే సగం అయిపోతుంది, గభాలున ఎక్కిస్తే ఎంత పైకి పోయినా అంతే వేగంగా పడిపోతుంది. జెంటామైసిన్‌ది దీనికి పూర్తిగా తిరగబడ్డ స్వభావం. దానికి ఎత్తే ముఖ్యం.

సీఎస్ఎఫ్‌లో ఇంకో లోటు ఉంది. రక్తంలోలా యాంటీబాడీలు, కాంప్లిమెంట్ ప్రొటీన్లు అక్కడ పెద్దగా ఉండవు. తెల్లకణాలు వచ్చినా బ్యాక్టీరియాని పట్టి మింగడం కష్టం. కాబట్టి బ్యాక్టీరియా పెరగకుండా ఆపితే చాలదు, మందే చంపాలి. కుందేళ్ల మీద చేసిన ప్రయోగాల్లో చంపడానికి కావలసిన కనీస మట్టానికి పది రెట్లైనా ఉంటేనే సీఎస్ఎఫ్ త్వరగా శుభ్రపడింది.

ఉప్పల్ మేనమామ
బుధవారం, రాత్రి 8:30

కల్చర్ రిపోర్టు వచ్చింది, న్యుమోకాకస్. కాగితం చూసి బుర్ర తిరిగింది. పెన్సిలిన్ రెండు సార్లు రాశారు. ఒకచోట "నాన్ మెనింజైటిస్: సెన్సిటివ్", కింద "మెనింజైటిస్: రెసిస్టెంట్". ఎంఐసీ రెండింటికీ 0.5 అనే ఉంది. సెఫ్ట్రియాక్సోన్‌కి 0.25, రెండు చోట్లా సెన్సిటివ్. ఒకే బ్యాక్టీరియా ఒకే మందుకి లొంగుతుంది, లొంగదు అంటే ఎలా? టైపింగ్ తప్పా?

వార్డు ఫార్మసిస్ట్
బుధవారం, రాత్రి 9:15

తప్పు కాదు, సరైన ల్యాబ్ అని అర్థం. ఈ థ్రెడ్ అంతా చెప్పుకున్నది ఆ రెండు గీతల్లో ఉంది.

ఎంఐసీ అంటే ఆ బ్యాక్టీరియా పెరగకుండా ఆపడానికి కావలసిన కనీస మందు మట్టం. బ్యాక్టీరియా ఊపిరితిత్తుల్లో ఉంటే రక్తనాళం ద్వారా ఇచ్చే పెన్సిలిన్ 0.5 అవసరాన్ని తేలిగ్గా దాటుతుంది. అక్కడ 2 వరకూ సెన్సిటివ్ అనే రాస్తారు. అదే సీఎస్ఎఫ్‌లో ఉంటే చేరే మందు చాలా తక్కువ, కాబట్టి గీతని 0.06 దగ్గర గీశారు. సెఫ్ట్రియాక్సోన్‌కీ రెండు గీతలు ఉన్నాయి: మెనింజైటిస్‌కి 0.5, మిగతావాటికి 1. మీ పాప బ్యాక్టీరియాకి 0.25 కాబట్టి రెండింట్లోనూ గట్టెక్కింది. రేపు వాంకోమైసిన్ ఆపేస్తారేమో అడగండి. సెఫ్ట్రియాక్సోన్‌కి లొంగని న్యుమోకాకస్ అయి ఉంటుందేమోనన్న అనుమానంతోనే మొదట్లో దాన్ని కలుపుతారు.

మీరు అడగలేదు కానీ వాంకోమైసిన్ గురించి చెప్పాలి. సెఫ్ట్రియాక్సోన్ అణువు బరువు 555 డాల్టన్లు, దీనిది 1450 దాకా. పెద్ద అణువు, వాపు లేకపోతే లోపలికి దాదాపు పోదు. పైగా తీవ్రంగా జబ్బు పడ్డ కొందరు పిల్లల్లో కిడ్నీ మామూలుకన్నా జోరుగా పనిచేస్తుంది. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది, మందు మాత్రం రెండో డోసు నాటికే అడుగంటి ఉంటుంది. అందుకే రక్తంలో లెవెల్ చూసి డోసు సరిచేస్తాం. ఒకప్పుడు ట్రఫ్ (తర్వాతి డోసుకి ముందు రక్తంలో మిగిలే మట్టం) ఒక్కటే 15 నుంచి 20 మధ్య ఉంచాలనేవారు. కిడ్నీలకి దెబ్బ అని తేలాక 2020 నుంచి రోజు మొత్తం మీద ఒంటికి అందిన మందు లెక్క, అంటే ఏయూసీ చూడమంటున్నారు.

బాలానగర్ క్యూసీ
బుధవారం, రాత్రి 10:50

సీఎస్ఎఫ్‌లో ఎంత చేరిందో మాత్రం ఎవరూ రోజూ కొలవరు, అది గుర్తుంచుకోవాలి. పిల్ల వెన్నులోంచి గంటకోసారి నీరు తీయడం కుదరని పని. అందుకే పరిశోధకులు చికిత్స కోసం ఎలాగూ తీసిన నీటిలో మిగిలిన చుక్కలే వాడుకుంటారు. ఒక పిల్లది డోసు ఇచ్చిన రెండు గంటలకి, ఇంకో పిల్లది ఏడు గంటలకి, మరో పిల్లది పన్నెండుకి. ఒక్కొక్కరి దగ్గర ఒకటో రెండో చుక్కలు, పక్కన బరువు, వయసు, క్రియాటినిన్, సీఎస్ఎఫ్ ప్రొటీన్. అందర్నీ ఒకే గణిత నమూనాలో కలిపితే మందు ప్రయాణం గీత తేలుతుంది. పాపులేషన్ ఫార్మకోకైనెటిక్స్ అంటారు. డాక్టర్ గారు మీ పాపకి రాసిన 100 అనే అంకె వెనక అలా ఎందరో పిల్లల చుక్కలున్నాయి.

నల్లకుంట వాసి
గురువారం, ఉదయం 8:12

టీబీ మెనింజైటిస్‌కి కూడా ఇదే లెక్కా? మా తమ్ముడి కొడుకు ఆ మందులు మింగుతున్నాడు. అన్నీ మాత్రలే, ఇంజెక్షన్ ఒక్కటీ లేదు. ఈ చర్చ చదివాక భయమేస్తోంది.

రెడ్‌హిల్స్ పీజీ
గురువారం, మధ్యాహ్నం 1:30

భయపడకండి అన్నా, అక్కడ మందులే వేరు. ఐసోనియాజిడ్, పైరాజినమైడ్ చిన్న అణువులు, ప్రొటీన్‌ని పెద్దగా పట్టుకోవు. నోటితో మింగినా వాపు ఉన్నా లేకపోయినా సీఎస్ఎఫ్‌లో రక్తంతో దాదాపు సమానంగా చేరతాయి. బలహీనం రిఫాంపిసిన్. ఎనభై శాతం ప్రొటీన్‌కి అంటుకునే ఉంటుంది, సీఎస్ఎఫ్‌లోకి కొంచెమే పోతుంది. ఇథాంబ్యుటాల్ కూడా అంతంతే. చిన్నపిల్లలు ఈ మందుల్ని వేగంగా వదిలించుకుంటారని తేలాక 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లల డోసులు పెంచింది. ఐసోనియాజిడ్ కిలోకి 10, రిఫాంపిసిన్ 15. 2022లో పిల్లల టీబీ మెనింజైటిస్‌కి ఇంకా పెద్ద డోసులతో, ఇథాంబ్యుటాల్ బదులు ఇథియోనమైడ్‌తో ఆరు నెలల పద్ధతిని కూడా ఒక ఎంపికగా చేర్చింది. పాత పద్ధతి ఏడాది. మీ బాబు ఏ పద్ధతిలో ఉన్నాడో డాక్టర్నే అడగండి. కోర్సు మధ్యలో మానేయకపోవడం అన్నిటికన్నా ముఖ్యం. మూత్రం నారింజ రంగులో వస్తే అది రిఫాంపిసిన్ రంగే, కంగారు పడొద్దు.

సూటిగా
గురువారం, సాయంత్రం 6:05

నాదో ప్రశ్న. స్టెరాయిడ్ వాపు తగ్గిస్తుంది. వాపు తగ్గితే మందు లోపలికి పోదు అని మీరే చెప్పారు. మరి మెనింజైటిస్‌లో డెక్సామెథసోన్ ఎందుకిస్తారు? కొట్టుకోవడం లేదా ఈ రెండు మాటలూ?

రెడ్‌హిల్స్ పీజీ
గురువారం, రాత్రి 11:20

మంచి ప్రశ్న, మా ప్రొఫెసర్ పరీక్షలో అడిగేది ఇదే. కొంతవరకు కొట్టుకుంటాయి. ముఖ్యంగా వాంకోమైసిన్‌తో. కానీ మెనింజైటిస్‌లో చెవులు పోయేది బ్యాక్టీరియా వల్ల ఒక్కటే కాదు, చచ్చిన బ్యాక్టీరియా ముక్కలు రేపే వాపు వల్ల కూడా. అందుకే డెక్సామెథసోన్‌ని మొదటి యాంటీబయాటిక్ డోసుకి కాస్త ముందో, దానితో పాటో ఇవ్వాలి, కిలోకి 0.15 మి.గ్రా. ఆరు గంటలకోసారి. గంటలు గడిచాక ఇస్తే ఉపయోగం ఉండదు. వినికిడి కాపాడటంలో స్పష్టమైన మేలు కనబడింది హిబ్‌లో. మన దేశంలో హిబ్ టీకా పెంటావాలెంట్‌లో భాగంగా 2011 చివర్లో తమిళనాడు, కేరళల్లో మొదలై తర్వాత అన్ని రాష్ట్రాలకీ వచ్చింది. న్యుమోకాకస్ టీకా 2021లో దేశమంతా ఉచిత జాబితాలోకి వచ్చింది. మేనమామ గారూ, డిశ్చార్జ్ అప్పుడు పాప టీకా కార్డు ఒకసారి చూపించండి.

మల్కాజ్‌గిరి అమ్మ
శుక్రవారం, ఉదయం 9:40

ఇంకో మాట, ఫిట్స్ మందు గురించి. మా బాబుకి వాల్‌ప్రోయేట్ ఇస్తుండగా మెరోపెనెమ్ మొదలుపెట్టబోతే ఫార్మసిస్ట్ మేడమ్ ఆపించి వేరే ఫిట్స్ మందుకి మార్పించారు. అది నిజంగా అవసరమేనా?

వార్డు ఫార్మసిస్ట్
శుక్రవారం, ఉదయం 10:15

చాలా అవసరం. మెరోపెనెమ్ మొదలైన ఒకటి రెండు రోజుల్లోనే రక్తంలో వాల్‌ప్రోయేట్ మట్టం కుప్పకూలుతుంది, డోసు పెంచినా లేవదు. ఫిట్స్ తిరగబెట్టవచ్చు. అందుకే లెవెటిరాసిటామ్ లాంటిదానికి మారుస్తాం. ఆవిడెవరో గానీ నా తరఫున నమస్కారం చెప్పండి.

ఉప్పల్ మేనమామ
శుక్రవారం, రాత్రి 9:50

వాంకోమైసిన్ ఆపేశారు. సెఫ్ట్రియాక్సోన్ అదే డోసు, అదే బాటిల్. బావ ఇప్పుడు డ్యూటీ నర్సుకే పాఠం చెబుతున్నాడు. చివరి రోజుల ఇంజెక్షన్లు ఇంటి దగ్గరి నర్సింగ్ హోమ్‌లో వేయించుకోవచ్చా అని అడిగితే, వినికిడి పరీక్ష బేరా అయ్యాక ఆలోచిద్దాం అన్నారు. కుదురుతుందంటారా?

వార్డు ఫార్మసిస్ట్
శుక్రవారం, రాత్రి 10:30

ఈ మందు ఒంట్లో చాలా గంటలు నిలుస్తుంది కాబట్టి రోజుకి ఒక్కసారే మొత్తం డోసు ఇచ్చే వీలుంది, అందుకే కొందరు పిల్లల్ని అలా పంపుతారు. కానీ ఫిట్స్ లేకుండా, జ్వరం లేకుండా కొన్ని రోజులు గడిచి ఉండాలి, రాత్రి ఏదైనా తేడా వస్తే వెంటనే ఆసుపత్రికి చేరే దూరంలో ఇల్లు ఉండాలి. నిర్ణయం మీ డాక్టరుదే. పంపితే మాత్రం మొత్తం డోసు, ఎంతసేపు ఎక్కించాలి అన్నది కాగితం మీద రాయించుకోండి. రింగర్ లాక్టేట్‌లో కలపకూడదని కూడా రాయమనండి, అందులో కాల్షియం ఉంటుంది.

మల్కాజ్‌గిరి అమ్మ
శుక్రవారం, రాత్రి 10:45

బేరాకి పాప గాఢంగా నిద్రపోవాలి తమ్ముడూ. ముందురోజు రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టి, పొద్దున్నే లేపి, దారిలో కునుకు తీయనివ్వకుండా తీసుకెళ్లండి. లేకపోతే నిద్ర సిరప్ పోసినా కళ్లు టపటపలాడిస్తూ కూర్చుంటారు, మరో రోజు రమ్మంటారు. ఒకసారి బాగానే ఉందన్నా కొన్ని నెలల తర్వాత మళ్లీ చేయించమన్నారు మాకు. ఆ తేదీ ఫైల్ మీద రాయించుకోండి.